నడుం వంచిన నెమలిని ఏ పేరుతో వెతకాలి?

కిందటి మాఘమాసం ముహూర్తాలకి ముందు సూళ్లూరుపేట నుంచి ఒక పెద్దాయన మా బాబాయి ప్రెస్సుకి వచ్చారు. చేతిలో 12 ఏళ్ల కిందటి శుభలేఖ. పెద్దమ్మాయి పెళ్లిది, బాబాయే అచ్చువేసి ఇచ్చింది. “చిన్నదాని పెళ్లికి కూడా ఈ కలశమే కావాలండీ. ఇది మాకు అచ్చొచ్చిన బొమ్మ అని మా ఇంటావిడ పట్టు” అన్నారు. మద్రాసు ప్యారీస్‌లో ఆండర్సన్ స్ట్రీట్ పక్క సందులో ఉన్న ఆ ప్రెస్సుకి ఇలాంటి గిరాకీ కొత్త కాదు. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి శుభలేఖల కోసం మద్రాసు దాకా వచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఫైలు ప్రెస్సులోనే ఎక్కడో ఉంది. డిటిపి కుర్రాడు ఒకటిన్నర రోజు వెతికాడు, దొరకలేదు. చివరికి దాదాపు అలాగే ఉన్న ఇంకో కలశం పెట్టి ప్రూఫ్ తీసి చూపించాడు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి మరీ లెక్కపెట్టారు. “మాదాంట్లో అయిదు మావిడాకులు. ఇందులో ఆరున్నాయి.” చేసేది లేక ఒక ఆకు తీసేసి, మిగతావి సర్ది ఇచ్చారు. అసలు ఫైలు మూడు వారాల తర్వాత, వేరే ఎవరిదో గృహప్రవేశం కార్డు తెరిచినప్పుడు బయటపడింది. అప్పటికి ఆ పెళ్లి అయిపోయింది.

బాబాయి దగ్గర 14 వేల పైచిలుకు కోరల్‌డ్రా (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లున్నాయి. వాటి పేర్లు ఎలా ఉంటాయో ఏ ప్రెస్సులో పనిచేసినవాళ్లకైనా తెలుసు. ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ ఓకే, పార్టీ వాళ్ల ఇంటిపేరు, తారీఖు. బొమ్మలో ఏముందో చెప్పే పేరు నూటికి ఒకటి ఉంటే గొప్ప.

అన్న ఉన్నప్పుడు ఈ బాధ లేదు. గుమ్మిడిపూండి వైపు తెలుగాయన, ఇరవయ్యేళ్లు ఆ ప్రెస్సులో ఆపరేటరు. వయసులో నాకు తండ్రి లాంటివాడే అయినా ప్రెస్సులో అందరికీ అన్నే, నాకూ అంతే. బాబాయి గాల్లో చెయ్యి తిప్పి ఏదో చూపిస్తే చాలు, రెండు నిమిషాల్లో ఆ ఫైలు తెర మీద ఉండేది. కంటి ఆపరేషన్ అయ్యాక పని మానేశాడు. ఆయనతో పాటు ఆ ప్రెస్సు జ్ఞాపకం కూడా ఇంటికి వెళ్లిపోయింది.

“నువ్వు కంప్యూటర్లో వెతికే పనులే చేస్తావు కదా, ఇది చెయ్యలేవా?” అని బాబాయి అడిగాడు. పెరుంగుడిలో మా ఆఫీసులో ఈ మాట కదిపితే ఒక స్నేహితుడు వెంటనే చెప్పాడు: ప్రతి బొమ్మనీ ఒక కృత్రిమ మేధ మోడల్‌కి ఇవ్వు, అది అంకెల వరసగా మారుస్తుంది, దగ్గర దగ్గర అంకెలున్నవి చూపించు, అయిపోతుంది. అయిదు నెలల సాయంత్రాలు దీని మీద పెట్టాక ఆ “అయిపోతుంది” అన్న మాటతో నేను ఒప్పుకోలేకపోతున్నాను. బొమ్మ దేని గురించినదో పట్టుకోవడం ఒక పని. బొమ్మ ఎలా నిలబడిందో పట్టుకోవడం ఇంకో పని. ప్రెస్సులో కావాల్సింది ఎక్కువగా రెండోది. వెక్టర్ బొమ్మల దగ్గర, అంటే చుక్కలుగా కాకుండా గీతలుగా దాచిన బొమ్మల దగ్గర, ఆ రెండో పని చక్కగా చేసే వీలు ఉండి కూడా మనం దాన్ని వాడుకోవడం లేదు. నా వాదన ఇదీ.

ఫైలులో ఉండేది బొమ్మ కాదు

వెక్టర్ ఫైలులో ఉండేది బొమ్మ గీసే విధానం. ఇక్కడ పెన్ను పెట్టు, అక్కడి దాకా వంపు తిప్పు, మూసెయ్యి, పసుపు నింపు. వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూత్రీసీ 2001లో ప్రమాణంగా తెచ్చిన ఎస్‌వీజీ అనే వెక్టర్ రకం అయితే పూర్తిగా మనం చదువుకోగల టెక్స్టే. అందుకని కోరల్‌డ్రాలో ఒక మాక్రో (చిన్న ప్రోగ్రామ్) రాసి ఫైళ్లన్నీ ఎస్‌వీజీలోకి మార్చాక నాకు మొదట తట్టిన ఆలోచన, ఆ టెక్స్టునే పోల్చి చూద్దామని. రెండు రోజుల్లో వదిలేశాను.

ఒక వృత్తాన్ని తీసుకోండి. కేంద్రం, వ్యాసార్థం ఇచ్చి “వృత్తం” అనే రాయొచ్చు. రెండు అర్ధచాపాలుగా రాయొచ్చు. నాలుగు బెజియే వంపులుగా (కొన్ని బిందువులతో చెప్పే వంపులు) రాయొచ్చు. ఈ చివరిది లెక్క ప్రకారం అచ్చమైన వృత్తం కాదు, కానీ ఆ తేడా ఏ కంటికీ ఆనదు. ఈ మూడు రాతల్లో ఉమ్మడిగా ఉండేది దాదాపు ఏమీ లేదు. ఇద్దరు ఆపరేటర్లు ఒకే కలశాన్ని చూసి గీసినా నోడ్లు, అంటే గీతని పట్టి ఉంచే బిందువులు, ఒకేచోట పడవు. పైగా ప్లేటుకి పంపే ముందు అన్నిటినీ కర్వ్‌స్‌గా, అంటే వట్టి గీతలుగా, మార్చేస్తారు కాబట్టి అక్షరాలు కూడా అక్షరాలుగా మిగలవు. కార్డు మీద పెద్దగా కనిపిస్తున్న “శుభ వివాహం” అన్న మాట ఫైలులో వెతికితే దొరకదు.

దీనికి తిరగేసినది కూడా నిజం. ఫైలులో ఒక్క మాట మారితే బొమ్మ మొత్తం మారిపోవచ్చు. ఒకదాని లోపల ఒకటిగా ఉన్న గీతల్లో దేన్ని నింపాలి, దేన్ని ఖాళీగా వదలాలి అని చెప్పే నియమం ఒకటుంటుంది. దాన్ని మారిస్తే చిల్లు ఉన్న గాజు కాస్తా నిండు బిళ్ల అయిపోతుంది. టెక్స్టు దృష్టిలో ఇవి కవలలు, కంటికి సంబంధమే లేదు.

కాబట్టి ముందు గీయించాలి, తర్వాత పోల్చాలి. ఇది ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ ఒప్పుకునేదే. గీయించడం కూడా తేలికైన పనేం కాదని మాత్రం చేసి చూస్తే గానీ తెలియదు. నేను మొదటిసారి నడిపినప్పుడు దేన్ని అడిగినా పైన కొన్ని వందల బొమ్మలు నూటికి నూరు మార్కులతో వచ్చాయి. అన్నీ ఖాళీ తెల్ల చతురస్రాలే. కుంకుమ రంగు కార్డు మీద ఫాయిల్ (మెరిసే రేకు అచ్చు) కోసం గీసిన బొమ్మలన్నీ తెలుపులో ఉన్నాయి. వెనకాల కార్డు రంగు లేకుండా తెల్ల కాగితం మీద గీయిస్తే ఏం కనిపిస్తుంది? ఒక ఖాళీ ఇంకో ఖాళీకి ఎప్పుడూ అచ్చుగుద్దినట్టే ఉంటుంది. ఇంకొన్నిట్లో పెద్ద కాగితం మూలన గోరంత బొమ్మ ఉంది. చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించకపోతే అలాంటివన్నీ ఒక గుంపు కట్టేస్తాయి.

నెమలి అడిగితే నెమళ్లు

ఖాళీల సంగతి తేల్చాక స్నేహితుడు చెప్పిన దారిలోనే వెళ్లాను. ఓపెన్ఏఐ 2021లో విడుదల చేసిన క్లిప్ మోడల్‌ని 40 కోట్ల బొమ్మలకి, వాటి పక్కన ఉన్న మాటలకి జత కలిపి నేర్పించారు. నెమలిని ఇచ్చాను. నెమళ్లు వచ్చాయి. పురి విప్పినది, పక్కకి నిలబడ్డది, సుబ్రహ్మణ్యస్వామి వాహనం, కొమ్మ మీద జంట.

తప్పేం లేదు. నిజానికి ముచ్చటేసింది కూడా. ఫైళ్లకి పేర్లే లేని చోట “వినాయకుడు” అని టైపు చేస్తే వినాయకుళ్లు రావడం బాబాయికి పెద్ద వరమే. ఫోన్లో ఆర్డరిచ్చే పార్టీ “ఏదో ఒక మంచి లక్ష్మీదేవి పెట్టండి” అన్నప్పుడు ఇంతకంటే ఏం కావాలి? అందుకే ఆ దారిని తీసెయ్యలేదు, ఇప్పటికీ ఉంది.

కానీ కార్డు మూలకి సరిపోయే బొమ్మ కోసం వెతికేవాడికి అది నెమలా హంసా అన్నది రెండో సంగతి. మెడ ఎటు తిరిగింది, తోక కిందికి జారి లోపలికి చుట్టుకుందా, మొత్తం ఆకారం ఆ మూలలో ఒదుగుతుందా, ఇవీ వాడి ప్రశ్నలు. మాటలతో జతపరిచి నేర్పిన మోడల్ మాటకి అందే సంగతులనే బాగా పట్టుకుంటుంది. అది చూసే బొమ్మ కొలత కూడా చిన్నది. నేను వాడిన రకం 224 చుక్కల పొడవు, 224 చుక్కల వెడల్పు ఉన్న చతురస్రంలోకి కుదించి చూస్తుంది. సన్నని గీతలతో అల్లిన బోర్డరు ఆ కొలతకి వచ్చేసరికి బూడిద రంగు పొగ అయిపోతుంది.

మాటలతో పని లేకుండా 14.2 కోట్ల బొమ్మల మీద నేర్పిన డైనోవీ2 అనే మోడల్‌ని మెటా 2023లో ఇచ్చింది. దానితో ఆకారం విషయంలో కొంత మెరుగైంది. అయితే ఒకే నెమలిని నింపి గీసినప్పుడు ఒకలా, గీతలతో గీసినప్పుడు ఇంకోలా చూసింది. మా ఫైళ్లలో ఆ రెండు రకాలూ సగం సగం.

ఇక్కడే అన్న గుర్తొచ్చాడు. ఆయన బొమ్మల్ని ఏ పేర్లతో పిలిచేవాడో ఒకసారి వినండి. నడుం వంచిన నెమలి. అలిగిన వినాయకుడు. బొద్దు కలశం. చెయ్యి చాచిన తీగ. వీటిలో బొమ్మ దేనిదో చెప్పే మాట చివర్న ఒక్కటే, ముందున్నదంతా అది ఎలా ఉందో చెప్పేదే. పెళ్లికూతురి బొమ్మలు 80 దాకా ఉన్నచోట “పెళ్లికూతురు” అన్న పేరు ఎందుకూ పనికిరాదని ఆయనకి మొదటి ఏడాదే అర్థమై ఉంటుంది.

మళ్లీ గీయించుకునే వీలు

ఫొటోకి లేని ఒక సౌలభ్యం వెక్టర్ బొమ్మకి ఉంది. దాన్ని మనకి కావాల్సినట్టు మళ్లీ గీయించుకోవచ్చు. రంగులన్నీ తీసేసి నిండుగా నలుపు పోయిస్తే నీడబొమ్మ వస్తుంది. నింపినవన్నీ ఖాళీ చేసి, అన్ని గీతలూ ఒకే మందంతో గీయిస్తే వట్టి గీతల బొమ్మ వస్తుంది. ఎస్‌వీజీలో ఇది రెండు లైన్ల మార్పు. ఫొటో మీద ఇదే పని చెయ్యాలంటే దేన్ని ఎక్కడ కత్తిరించాలో ముందు ఊహించాలి. మనకి ఊహించాల్సిన పని లేదు, ఫైలే చెప్తోంది. ఒక్కసారి గీయించి, ఒక్క మోడల్‌కి ఇచ్చి, ఒక్క అంకెతో సరిపెట్టుకోవడమంటే చేతిలో ఉన్న ఈ సౌలభ్యాన్ని పారబోసుకోవడమే.

నేను ఒక్కో ఫైలుని మూడు రకాలుగా గీయిస్తున్నాను. ఉన్నదున్నట్టుగా, నీడగా, గీతలుగా. పోలిక కూడా ఒకటి కాదు. ఒకే ఫైలు అయిదుసార్లు సేవ్ చేసిన నకళ్లని పట్టుకోవడానికి మోడల్ అక్కర్లేదు. బొమ్మని 9 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తుకి కుదించి, ప్రతి చుక్కా పక్కదానికంటే ముదురా కాదా అని అడిగితే 64 జవాబులు వస్తాయి. రెండు బొమ్మల జవాబుల్లో ఎన్ని తేడాలున్నాయో లెక్కపెడితే చాలు. ఈ చిన్న లెక్కే మా 14 వేలల్లో మూడో వంతు నకళ్లని తేల్చింది. నీడబొమ్మలకి మింగ్-కుయీ హు 1962లో చెప్పిన ఏడు కొలతలు వాడాను. బొమ్మని తిప్పినా, జరిపినా, పెంచినా అవి మారవు. ఏడోది మాత్రం బొమ్మని అద్దంలో చూపిస్తే ప్లస్ నుంచి మైనస్‌కి మారుతుంది. శుభలేఖకి ఇది ఎంత ఉపయోగమో చెప్పలేను. ఎడమ పక్క ఒక నెమలి, కుడి పక్క దాని అద్దం బొమ్మ, సగం కార్డులు అంతే కదా. అద్దం బొమ్మని అదే బొమ్మగా లెక్కెయ్యాలా వద్దా అన్నది వెతికేవాడే చెప్పేలా ఒక బటన్ పెట్టాను.

ఇంతా చేశాక ఆ అయిదాకుల కలశాన్ని వెతికాను. రాలేదు.

ఫైలు ఏదో నాకు తెలుసు కాబట్టి తెరిచి చూశాను. ప్రెస్సుల్లో ఒక అలవాటుంది. అక్కర్లేని బొమ్మని తీసెయ్యకుండా, దాని మీద తెల్ల పెట్టె ఒకటి గీసి, పైన కొత్త బొమ్మ పెట్టేస్తారు. తొందరలో అదే తేలిక. గృహప్రవేశం కార్డులో ఆ కలశం సరిగ్గా అలా తెల్ల పెట్టె కింద పడుకుని ఉంది. గీయించి చూస్తే కంటికి కనిపించదు, నా పరికరానికీ కనిపించదు. ముందు గీయించాలి అని ఇంత గట్టిగా చెప్తున్న నాకు, నన్ను ఈ పనిలోకి దింపిన బొమ్మే ఎదురు సాక్ష్యం చెప్పింది.

రెండు వారాలు దీని గురించే ఆలోచించాను. చివరికి ఫైలుని గ్రూపులుగా విడదీసి, ప్రతి గ్రూపునీ విడిగా గీయించాను. 14 వేలు కాస్తా లక్ష దాటాయి. రాత్రంతా కంప్యూటర్ నడిచింది. పొద్దున్న కలశం మొదటి వరసలోనే వచ్చింది. విడదీసి గీయించుకునే వీలు కూడా వెక్టర్ ఇచ్చేదే. కాబట్టి నా వాదన ఓడిపోలేదనే అనుకుంటున్నాను. కానీ ఫైలు నిర్మాణంతో పని లేదు, కన్ను చాలు అని మొదట్లో అనుకున్న మాట మాత్రం వెనక్కి తీసుకున్నాను.

ఎవరి కంటికి దగ్గర?

ఒక బంధువు ట్రేడ్‌మార్క్ కేసులు చూసే లాయరు. గిండీలో ఉన్న రిజిస్ట్రీ ఆఫీసు చుట్టూ తిరిగే మనిషి. ఆయన వాదన వేరు. బొమ్మల్ని మనుషులే చూసి కోడ్లు వేసే పద్ధతి 1973 వియన్నా ఒప్పందం నాటి నుంచి ఉంది. జంతువులకి 3, మొక్కలకి 5, జ్యామితి ఆకారాలకి 26, ఇలా మొత్తం 29 వర్గాలు. మన దేశం 2019లో ఆ ఒప్పందంలో చేరింది. దేశాలు దాటి పనిచేస్తున్న పద్ధతి ఉండగా మళ్లీ ఈ అంకెల గొడవ ఎందుకని ఆయన ప్రశ్న.

నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. ఫలితం ఎందుకు వచ్చిందో ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పగలగడం చిన్న విషయం కాదు. మోడల్ ఇచ్చే అంకెకి ఆ జవాబుదారీ లేదు. కానీ కోడు వేసే మనిషి వందల కలశాలకి ఒకే కోడు వేస్తాడు, ఆ తర్వాత వెతకాల్సింది ఆ వందల్లోనే. పేటెంట్లు, మార్కుల పని చూసే అంతర్జాతీయ సంస్థ వైపో కూడా 2019లో తన బొమ్మల వెతుకులాటకి కృత్రిమ మేధని జోడించింది. అందులో ఆకారాన్ని బట్టి పోల్చాలా, రంగుని బట్టి పోల్చాలా అన్నది అడిగేవాళ్లే ఎంచుకోవచ్చు. నేను కోరుకునేది అదే.

ఆయన చెప్పిన ఇంకో సంగతి మాత్రం నా మనసులో నాటుకుంది. అమృతధార, లక్ష్మణధార అనే మందుల పేర్ల కేసులో సుప్రీంకోర్టు 1962లో పోలికకి పెట్టుకున్న కొలమానం, మామూలు తెలివి, అసంపూర్ణమైన జ్ఞాపకం ఉన్న కొనుగోలుదారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి లెన్సుతో చూసేవాడి కన్ను అక్కడ కొలమానం కాదు. సూళ్లూరుపేట పెద్దాయన చేతిలో పాత కార్డు లేకుండా వచ్చి ఉంటే ఆరాకుల కలశాన్ని సంతోషంగా తీసుకువెళ్లేవారు. కార్డు ఉంది కాబట్టి అయిదే కావాలి. మనిషి అదే, బొమ్మ అదే. పోలిక మాత్రం వేరు. దీన్ని ఒక్క అంకెలో ఎలా ఇరికిస్తాం?

పోయిన నెల అన్నని ప్రెస్సుకి పిలిపించాం. ఒక ప్రూఫ్ కాగితం వెనక నడుం వంచిన నెమలిని పెన్సిల్‌తో గీశాడు. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, ఆకారం ప్రకారం వెతికించాను. నెమలి మూడో స్థానంలో వచ్చింది. మొదటిది నెమలే కాదు, చీర అంచుల మీద కనిపించే మామిడి పిందె. నాకు మనసు చివుక్కుమంది, తప్పు చూపించిందని చెప్పబోయాను. అన్న తెరకి దగ్గరగా జరిగి చాలాసేపు చూశాడు. “ఈ పిందె నుంచే ఆ నెమలిని తీశాను రా. ముందు ఇది గీశాను. దీనికి మెడ, ముక్కు పెట్టానంతే” అన్నాడు. ఫైళ్ల తారీఖులు చూశాను. పిందె నెమలికంటే నాలుగు నెలలు పెద్దది. నెమలి అడిగితే నెమళ్లనే ఇచ్చే పరికరం ఈ చుట్టరికాన్ని ఎప్పటికీ చూపించేది కాదు.

ముగ్గు దగ్గర ఆగిపోయాను

ఇంత నమ్మకం వచ్చాక అమ్మ ముగ్గుల పుస్తకం మీద పడ్డాను. ధనుర్మాసంలో మా అపార్ట్‌మెంట్ గుమ్మాల ముందు అమ్మా, పక్కింటి మామీ పోటీపడి వేస్తారు. మామి సిక్కు కోలం అనేదాన్నే అమ్మ మెలికల ముగ్గు అంటుంది. పుస్తకంలోవి స్కాన్ చేసి, ట్రేస్ చేసి (అంటే స్కాన్‌ని వెక్టర్ గీతలుగా మార్చి), పరికరంలోకి ఎక్కించి, ఒకటి అడిగితే వచ్చిన జంటని అమ్మకి చూపించాను. “ఈ రెండూ ఒకటేమిట్రా? ఇది ఒకే గీత. అది మూడు గీతలు” అంది. నాకు ఎంత చూసినా తేడా కనిపించలేదు. వేలితో వెంట వెళ్తే గానీ తెలియలేదు.

చతురస్రంగా చుక్కలు పెట్టి, ప్రతి చుక్క చుట్టూ గీత మెలికలు తిరుగుతూ, అంచు దగ్గర మాత్రమే మళ్లుతూ పోయే సాదా ముగ్గులో ఎన్ని విడి గీతలుంటాయో లెక్క ఉంది. వరసల సంఖ్యకీ, వరసలో చుక్కల సంఖ్యకీ గ.సా.భా. ఎంతో అన్ని గీతలు. 6 వరసల్లో 7 చుక్కలు పెడితే ఒకటే గీత. 6 వరసల్లో 6 చుక్కలు పెడితే ఆరు గీతలు. కంటికి ఇవి దగ్గరి చుట్టాలు. వేసే చేతికి మాత్రం ఒకటి ఎత్తకుండా పూర్తయ్యే ముగ్గు, ఇంకోటి ఆరుసార్లు మొదలుపెట్టాల్సిన ముగ్గు. లోపల ఒక్క కూడలిలో దాటాల్సిన గీతని మళ్లించినా ఈ లెక్క మారిపోవచ్చు, మొత్తం రూపం మాత్రం చెక్కుచెదరదు.

ఇక్కడికి దగ్గర్లోనే, తాంబరం మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతో కమలా కృతివాసన్ 1970లలోనే కోలాలని వ్యాకరణంగా, అంటే గీసే నియమాలుగా, రాసి చూపించారు. 1974లో వచ్చిన వాళ్ల వ్యాసం చదువుతుంటే, ముగ్గు ఎలా కనిపిస్తుందన్నది కాకుండా ఎలా పుడుతుందన్నది పట్టుకోవాలని వాళ్లు ఎంత తపన పడ్డారో అర్థమైంది. ముగ్గు విషయంలో గీసే విధానమే ముగ్గు. గీయించి చూడమన్న నా సూత్రం ఇక్కడ సరిపోవడం లేదు. మామూలు ట్రేస్ ప్రతి గీతనీ రెండు అంచులుగా మార్చేస్తుంది కాబట్టి, ఆ విధానం ఫైలులో కూడా మిగలడం లేదు. గీత నడిమిని పట్టుకుని మళ్లీ ట్రేస్ చేయాలి.

ప్రస్తుతం అదే పనిలో ఉన్నాను. అమ్మ పుస్తకంలో 60 మెలికల ముగ్గులున్నాయి. ఒక్కొక్క దానిలో ఎన్ని గీతలో పరికరం చెప్పిన లెక్కని అమ్మ వేలితో సరిచూస్తున్నాం. 23 అయ్యాయి. రెండింటి దగ్గర లెక్క కలవలేదు. ఒకదాంట్లో నా ప్రోగ్రామ్ తప్పు, దిద్దాను. ఇంకోదాంట్లో అమ్మ ఏళ్ల కిందట పుస్తకంలో దించుకునేటప్పుడే ఒక మెలిక తప్పేసిందట. దాన్ని దిద్దమంటారా అని అడిగితే, మామి దగ్గర అసలుది ఉంటుంది, ముందు అది చూసొస్తానని వెళ్లింది.